మడమ నేలకు ఆనిన రోజు

నా చిన్నప్పుడు పొద్దున్నే తలుపు తీస్తే, మా ఇంటి ముందర ఎవరో ఒకరు దూడను భుజాన వేసుకుని నిలబడి ఉండటం మామూలు. చౌడేపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పల్లె మాది. మెట్ట పొలాలు. వేరుసెనగ, కొంచెం రాగి, ఇంటికి రెండు మూడు పశువులు. మా తాత అందరిలాంటి రైతే. ఆయనకు చుట్టుపక్కల పేరు వచ్చింది మాత్రం దూడల కాళ్ళ వల్ల.

కొన్ని దూడలు పుట్టుకతోనే ముంగాళ్ళు మడిచిపెట్టుకుని పుడతాయి. కాలి వెనక నరం పొట్టిగా ఉండి గిట్టను వెనక్కి లాగేస్తుంది. గిట్ట అడుగుభాగం నేలకు ఆనదు. అవి గిట్టల కొసల మీద వణుకుతూ లేచి, రెండడుగులు వేసి బోర్లా పడతాయి. నిలబడలేని దూడ తల్లి పొదుగు అందుకోలేదు. అందుకే జనం అంత తొందరపడి ఎత్తుకొచ్చేవాళ్ళు.

మా తాత ఆ కాలికి ఆముదం రాసి, వేళ్ళతో నరాన్ని వెతికి పట్టుకుని, చాలాసేపు నిదానంగా సాగదీసేవాడు. తర్వాత పాత పంచెగుడ్డ మెత్తగా చుట్టి, దాని మీద వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టేవాడు. కొన్ని రోజులకొకసారి విప్పి, ఇంకొంచెం సాగదీసి, మళ్ళీ కట్టేవాడు. ఆఖరి కట్టు విప్పిన రోజు దూడ నాలుగు గిట్టలూ నేలకు ఆనించి నిలబడేది. నాకు తెలిసి ఆయన చేతిలో లేవని దూడ లేదు. గొప్ప కోసం ఈ మాట చెప్పడం లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

ఆ పనిలో ఆయనకు తోడు మా తమ్ముడు. వాడికి నేను మూడేళ్ళు పెద్ద అక్కను. పంచెగుడ్డను పేలికలుగా చించడం, బద్దలు అందించడం, దూడ తల ఒళ్ళో పెట్టుకుని చెవుల వెనక గోకడం వాడి పనులు. వాడికి నోరు ఎక్కువ. దూడను తెచ్చిన మనిషి కంగారుపడుతుంటే, "దూడ బాగానే ఉండాది మామా. నువ్వే వణకతాండావు. నీకేమన్నా కట్టు కట్టల్లా?" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మా తాత నవ్వకుండా ఉండటానికి దూడ వైపు చూసేవాడు.

వాడి నడకలో తేడా ఉందని ముందు కనిపెట్టింది అమ్మ. అయిదేళ్ళు దాటాక వాడు మడమలు ఎత్తి నడవడం మొదలుపెట్టాడు. ఆటలో అలా నడుస్తున్నాడనుకున్నాం. తర్వాత మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకోవడం, పరిగెత్తబోయి పడటం వచ్చాయి. కింద కూర్చుంటే ఒక్కసారిగా లేవలేడు. చేతులు నేల మీద పెట్టి, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద పెట్టుకుంటూ, తన ఒంటినే నిచ్చెనలా ఎక్కినట్టు లేచేవాడు. అయితే వాడి పిక్కలు మాత్రం వయసుకు మించి లావుగా, గట్టిగా ఉండేవి. చూసినవాళ్ళు పహిల్వాను పిక్కలని మెచ్చుకునేవాళ్ళు. అమ్మ దిష్టి తీసేది. ఆ లావు బలం కాదని, కండ పోయిన చోట కొవ్వు చేరిందని మాకు ఎవరు చెబుతారు?

మా తాత వాడి మడమ వెనక నరం పట్టి చూశాడు. అది ఆయన వేళ్ళకు బాగా తెలిసిన బిగువే.

"ఇంతేనా. దూడకు ముంగాలు, వీనికి యనకాలు. అంతే తేడా," అన్నాడు.

"కట్టు కట్టినాక నన్ను గూడా కొట్టంలో కట్టేస్తావా తాతా?" అని అడిగాడు తమ్ముడు.

"కట్టేస్తా. గడ్డి గూడా ఏస్తా. గమ్మునుండు."

రోజూ సాయంత్రం ఆముదం రాసి సాగదీయడం, పడుకునేటప్పుడు గుడ్డ చుట్టి బద్దలు కట్టడం మొదలైంది. ఆయన చెయ్యి మంచిది. తమ్ముడు పెద్దగా ఏడవలేదు. కొన్ని నెలలకు, పడుకోబెట్టి పాదాన్ని పైకి వంచితే మునుపటికంటే కొంచెం ఎక్కువ వంగేది. మా తాత అది అందరికీ చూపించేవాడు. కానీ లేచి నిలబడితే వాడు మళ్ళీ మునివేళ్ళ మీదే. అప్పుడు ఆయన వాడి ముందు గొంతుక్కూర్చుని, రెండు మడమలనూ చేతులతో కిందికి నొక్కేవాడు. నొక్కగానే వాడు ఆయన తల పట్టుకునేవాడు.

"మోకాలు పోతాది తాతా. మడమ దించితే మోకాలు నిలవదు."

"అలవాటు ల్యాక అట్లుంటాది. నిలబడు."

ఈ మాట వాడు ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాడు. నాకూ చెప్పాడు, అమ్మకూ చెప్పాడు. పిల్లలు నొప్పికి చెప్పే సాకుల్లో అదొకటి అనుకున్నాం.

ఎనిమిదో ఏడు నడుస్తుండగా నాయన వాడిని మదనపల్లె తీసుకువెళ్ళాడు. తాత, అమ్మ, నేను కూడా వెళ్ళాం. అక్కడ పిల్లలను చూసే ఒక పెద్ద వయసు డాక్టరమ్మ ఉండేది. ఆమె వాడి కాళ్ళు ముట్టుకోక ముందే కింద కూర్చుని లేవమంది. వాడు తన పద్ధతిలో తొడలు పట్టుకుని లేచాడు. ఆమె ఇంకోసారి లేవమనలేదు. అమ్మను, వాడిని బయటికి పంపి, మమ్మల్ని కూర్చోమంది.

"పెద్దాయనా, మీరు సాగదీస్తున్నారు, అది మంచిదే. మానొద్దు," అంది మా తాతతో. "కానీ జబ్బు నరంలో లేదు. కండలో ఉంది. ఒళ్ళంతా కండ కొంచెం కొంచెంగా కరిగిపోతోంది. నరం బిగుసుకోవడం దానివల్ల వచ్చింది."

ఆమె తొందర లేకుండా అన్నీ చెప్పింది. పొద్దున, సాయంత్రం మోకాలు చాచిపెట్టి, మడమను అరచేతిలో పట్టుకుని, పాదాన్ని పైకి వంచి సాగదీయాలి. వెదురు బద్దల బదులు కాలి కొలతకు పిండికట్టు అచ్చు చేసిస్తాం, పడుకునేటప్పుడు పెట్టండి. నరం మరీ బిగిస్తే కొన్నాళ్ళు పిండికట్టు వేసి, మార్చి మార్చి వేస్తూ వదులు చేసే పద్ధతి ఉంది. నరాన్ని కోసి పొడుగు చేసే ఆపరేషన్ కూడా ఉంది.

"అదే చేసెయ్యండమ్మా," అన్నాడు నాయన.

"ఈ బిడ్డకు ఇప్పుడు వద్దు. వీడి తొడల్లో బలం పోతోంది. మునివేళ్ళ మీద లేచి, పొట్ట ముందుకు పెట్టి, మోకాలు మడతపడకుండా తనే చూసుకుంటున్నాడు. మడమ దించేస్తే ఆ ఉపాయం పోతుంది."

"ఎన్నాళ్ళు నడస్తాడు?"

"రెండేళ్ళు. కొంచెం ఎక్కువ కూడా కావచ్చు."

"ఆమీట?"

ఆమె నాయన ముఖం వైపే చూస్తూ, "తర్వాత నడవడు," అంది.

తిరిగి వస్తూ పుంగనూరులో బస్సు దిగాక మా తాత అన్నాడు, "ఆయమ్మకు చేతకాక అట్ల చెప్తాంది. కోస్తే నిలబడేది పోతాదంట. మడమ ఆనకుండా నిలబడేది యాడన్నా ఉండాదా?" ఆ మాట నాయనకు కావలసి వచ్చిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఆ కాలంలో పోలియో పిల్లలు ప్రతి ఊళ్ళోనూ కనిపించేవాళ్ళు. కుప్పంలో మా మేనత్త ఉండేది. వాళ్ళ వీధిలో పోలియో వచ్చిన ఒక ఆడపిల్లకు మడమ నరం పొడుగు చేసి, ఆ తర్వాత కాలికి ఆసరాగా ఇనుప పట్టీలు వేశారట. అంతకుముందు పాకే పిల్ల ఇప్పుడు బడికి నడిచి పోతోందట. చేసింది వారానికొకసారి రైల్లో పట్నం నుంచి వచ్చే ఎముకల డాక్టరు. అత్త కబురు పంపింది. అబద్ధం ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల నిజంగానే నడుస్తోంది, నేనే చూశాను. ఆ పిల్ల జబ్బు వేరు, మా వాడి జబ్బు వేరు. అంతే.

ఆ డాక్టరు మా తమ్ముడిని బల్ల మీద పడుకోబెట్టి, పాదాలు వంచి చూశాడు. రెండు కాళ్ళకూ చేయాలి, కొన్ని వారాలు కట్టులో ఉండాలి, తర్వాత అందరిలా నడుస్తాడు అన్నాడు. వాడిని కింద కూర్చుని లేవమని అడగలేదు. ఆయన చెడ్డవాడని నేను అనుకోను. రోజూ పోలియో కాళ్ళు చూసే మనిషి ఈ కాళ్ళలోనూ పోలియోనే చూశాడు. మా తాత దూడను చూసినట్టే.

అమ్మ ఒక్కతే అడిగింది. "మదనపల్లె డాక్టరమ్మ వద్దనె కదా?"

"వద్దని, ఆమె ఏమిచ్చె?" అన్నాడు నాయన.



ఆపరేషన్‌కు పోయే రోజు బస్సులో తమ్ముడు కిటికీ పక్కన, తాత ఒళ్ళో కూర్చున్నాడు. పలమనేరు దాటాక ఆయనతో చిన్నగా అన్నాడు. "తాతా, నాకు తెలస్తాంది. మడమ దించితే నేను నిలబడలేను."

"భయానికి అట్ల అనిపిస్తాది నాయనా. కట్టు కట్టేటప్పుడు దూడలు తన్నవా? ఇప్పినంక ఎట్ల ఎగరతాయో నువ్వు సూడలేదా?"

వాడు చూశాడు. తన చేత్తోనే ఎన్నో కట్లు విప్పాడు.

ఎండాకాలం సెలవులు కాబట్టి వాడికి తోడుగా నన్ను కుప్పంలో అత్త ఇంట్లో ఉంచారు. ఇల్లు స్టేషన్‌కు దగ్గర. రెండు కాళ్ళకూ మోకాళ్ళ కింద దాకా తెల్లటి పిండికట్లు. పడుకుని, కూర్చుని ఉండటం తప్ప వాడికి పని లేదు. రైలు కూత విని అది బెంగుళూరు పోయేదో, మద్రాసు పోయేదో చెప్పేవాడు. సగం తప్పు చెప్పేవాడు. నేను అత్త ఇంట్లో ఉన్న పాత వారపత్రికలు చదివి వినిపించేదాన్ని. సీరియల్లో ముందూ వెనకా భాగాలు లేకపోతే మధ్య కథ మేమే కల్పించుకునేవాళ్ళం. ఆ వారాల్లో వాడి తొడలు సన్నబడటం నేను చూశాను. దుప్పటి మార్చేటప్పుడు కనిపించేది. కట్టులో ఉంటే ఎవరికైనా అంతే, నడిస్తే మళ్ళీ వస్తుందని అత్త అంది. కండ కరిగే జబ్బులో, పడుకోబెట్టిన వారాల్లో పోయిన బలం తిరిగి రాదని అత్తకు తెలియదు.

కట్లు కోసేసిన రోజు పాదాలు చదునుగా, మెత్తగా, వేరే పిల్లవాడివిలా ఉన్నాయి. కొన్నాళ్ళు ఆగి మెల్లగా నిలబెట్టమని డాక్టరు చెప్పాడు. వాడిని ఎత్తుకుని మా ఊరికి తెచ్చాం.

నేను చెప్పదలచుకున్న రోజు అది, వాడిని నిలబెట్టిన రోజు. మంచి రోజు చూసి, పొద్దెక్కాక, ముంగిట్లో నీళ్ళు చల్లి చాప వేశారు. పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. దూడల్ని బాగుచేయించుకున్న ఒకరిద్దరు రైతులు కూడా వచ్చారు. వాళ్ళకు మా తాత మీద నమ్మకం. తమ్ముడికి తలస్నానం చేయించి, ఉతికిన చొక్కా వేశారు. వాడు ఆ రోజు జోకులేమీ వేయలేదు.

మా తాత వాడి చంకల కింద చేతులు పెట్టి లేపి, చాప మీద నిలబెట్టాడు. రెండు మడమలూ నేలకు ఆనాయి. పూర్తిగా, ఎక్కడా సందు లేకుండా ఆనాయి. ఆయన వంగి, మడమ కింద వేలు దూర్చి చూశాడు. వేలు దూరలేదు. తలెత్తి అందరి వైపూ చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అంత సంతోషం ఆ ముఖంలో నేను మళ్ళీ చూడలేదు.

"వదలద్దు తాతా," అన్నాడు తమ్ముడు.

"వదల్లే. ఈడనే ఉండా," అంటూ ఆయన చేతులు కొంచెం సడలించాడు.

మోకాళ్ళు రెండూ ఒకేసారి ముందుకు మడతపడ్డాయి. వాడు నిలువునా కిందికి జారాడు. ఆయన పట్టుకున్నాడు. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ అంతే. మూడోసారి నాయన వచ్చి మోకాళ్ళు పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపు తమ్ముడు నిలబడ్డాడు. చేతులు తీస్తే లేదు. వాడు మునివేళ్ళ మీదికి లేవడానికి ప్రయత్నించడం నాకు కనిపించింది. పొడుగు చేసిన నరంలో ఆ పట్టు లేదు. పాదాలు నేలకు అతుక్కుని ఉన్నాయి, పైన మనిషి నిలవడం లేదు.

ఎవరో, మొదటి రోజు కదా, అలవాటు కావాలి అన్నారు. ఇంకెవరో అవునవునన్నారు. ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు. అమ్మ లోపలికి వెళ్ళింది. నాయన కొట్టం వైపు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. చాప మీద తమ్ముడు, వాడి ఎదురుగా తాత, కాస్త పక్కన నేను.

తమ్ముడు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తన కాళ్ళ వైపు కూడా చూడలేదు. తాతనే చూస్తున్నాడు, ఆయనేమంటాడో అని భయపడుతున్నట్టు. ఈ పని చెడిపోయింది తన వల్లేనని వాడు అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. బాగా చేయనందుకు తిట్టు పడుతుందేమోనని చూసే పిల్లవాడి చూపు అది.

మా తాత వాడి పాదం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. సాగదీయడానికి కాదు. ఊరికే పట్టుకున్నాడు.

"దూడలు చెప్పవు నాయనా," అన్నాడు. "వాటికి నోరు ల్యాదు. అందుకని నేను పట్టి సూసి తెలుసుకోవల్ల. నువ్వు చెప్తివి. ఎన్నిసార్లు చెప్తివో. నేను నిన్ను గూడా దూడ మాదిరే సూస్తిని."

ఆయన బొటనవేలితో వాడి మడమ నిమిరాడు.

"తప్పు నీ కాళ్ళది కాదు. నీది కాదు. నాది. ఇంగ నేను చెయ్యి పెట్టేటప్పుడు నువ్వు చెప్పు. నువ్వు చాలంటే ఆపేస్తా."

మా ఊళ్ళో పెద్దవాళ్ళు పిల్లలతో అలా మాట్లాడేవాళ్ళు కాదు. ఇప్పుడూ అరుదే. డెబ్బై ఏళ్ళు దగ్గరపడిన మనిషి, నలుగురూ నమ్మే చెయ్యి ఉన్న మనిషి, ఎనిమిదేళ్ళవాడి ముందు తల వంచి ఆ మాట అన్నాడు. దానివల్ల వాడి కాళ్ళకు ఏమీ రాలేదు. కానీ వాడి ముఖంలోని ఆ భయం పోయింది. అది నేను చూశాను. కాసేపటికి వాడు, "ఆకలైతాంది తాతా," అన్నాడు.

నాలుగు రోజులకు చౌడేపల్లె వైపు నుంచి ఒకాయన దూడను తెచ్చాడు. మా తాత చూడనంటాడనుకున్నాం. చూశాడు. తమ్ముడు మంచం మీద కూర్చుని పేలికలు చించి ఇచ్చాడు. ఆ దూడ బాగైంది. పక్షం రోజుల్లో మా ముంగిట్లోనే గంతులు వేసింది. మంచం మీది నుంచి వాడు దాన్ని చూశాడు. అప్పుడు వాడి వైపు చూసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

తర్వాత మళ్ళీ మదనపల్లె వెళ్ళాం. డాక్టరమ్మ తిట్టలేదు. కోయకపోయినా ఏడాదికో, ఏడాదిన్నరకో నడక ఆగిపోయేదే అంది. మమ్మల్ని ఓదార్చడానికే చెప్పిందా మాట. ఎన్నో రాత్రులు నేను దాన్ని తిరగేసి చూశాను. ఎలాగూ పోయేదే కావచ్చు. కానీ ఆ ఏడాదిన్నర వాడిది. బావి దాకా, బడి దాకా, తాత వెనకాల పొలం గట్టు దాకా నడవగలిగిన ఏడాదిన్నర. వాడికి అంతకంటే ఎక్కువ ఆస్తి లేదు.

ఆ తర్వాత కూడా సాగదీయడం ఆపొద్దని ఆమె చెప్పింది. ఇంక నడక కోసం కాదు, పాదాలు లోపలికి మెలిపడకుండా, చెప్పులు పట్టేలా, నొప్పి లేకుండా ఉండటానికి. మా తాత బతికినన్నాళ్ళూ ఆ పని ఆయనే చేశాడు. వాడి మడమ అరచేతిలో పెట్టుకుని, పాదం వంచుతూ, "చాలునా?" అని అడిగేవాడు. వాడు చాలంటే అక్కడే ఆపేవాడు. ఒక్కోసారి వాడు, "ఇంగ రవ్వంత," అనేవాడు. ఆయన పోయాక నేను చేశాను. తమ్ముడు పద్దెనిమిదేళ్ళు నిండాక, ఒక చలికాలంలో, ఊపిరి అందక పోయాడు. చివరి రెండేళ్ళు వాడి చేతులు కూడా లేవలేదు. నోరు మాత్రం చివరిదాకా ఉంది.

నేను మదనపల్లెలో టీచరుగా చేసి రిటైరయ్యాను. పుస్తకాలు చదివే అలవాటు వల్ల ఆ జబ్బు గురించి దొరికినంతా చదివాను. అది తల్లుల ద్వారా మగపిల్లలకు వస్తుందని తెలిసే నాటికి నాకు కూతురు పుట్టేసింది. ఒక్కతే కూతురు. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడు అయిదో ఏట మడమలు ఎత్తి నడిచి వచ్చిన రోజు, నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. నాకు ఏ డాక్టరూ చెప్పనక్కర్లేకపోయింది. మా అమ్మ నుంచి నాకు, నా నుంచి నా కూతురికి, అక్కణ్ణుంచి వాడికి. నా కూతురు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అనిపిస్తుంది.

ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. మందులు ఉన్నాయి, జబ్బును కొంత నెమ్మదింపజేస్తాయి. కాలి కొలతకు చేసిన తేలికైన ప్లాస్టిక్ పట్టీలు ఉన్నాయి. పోయిన నెల బెంగుళూరులో ఒక చిన్న వయసు డాక్టరు వాడిని కింద కూర్చుని లేవమని చెప్పి చూశాడు. తర్వాత మాకు అన్నీ విడమరిచి చెప్పాడు. వారం వారం మార్చే కట్లు వేయొచ్చు, మడమ కొంత దిగుతుంది, కానీ ఆ వారాల్లో నడక తగ్గకుండా చూసుకోవాలి. ఆపరేషన్ కొందరికి మేలు చేస్తుంది, కొందరికి ఉన్న నిలబడే శక్తి తీసేస్తుంది. ఏది చేసినా జబ్బు ఆగదు. ఏది పోగొట్టుకోకూడదో మీరు ఆలోచించుకోవాలి అన్నాడు.

నా కూతురికి మడమలు దిగాలని ఉంది. "అప్పటికీ ఇప్పటికీ శానా తేడా ఉండాది మా. అన్నిటికీ మామనే గుర్తు చేసుకోవద్దు," అంది. ఆమె అన్నది తప్పు కాదు.

"వాడిని అడగండి," అన్నాను డాక్టరుతో.

"తొమ్మిదేండ్లోడిని ఏమడుగుతావు మా?"

డాక్టరు కుర్చీ వాడి వైపు తిప్పుకుని అడిగాడు. వాడు తల్లి వైపు చూసి, నా వైపు చూసి, "నిలబడి బ్యాట్ పట్టుకునేది పోకూడదు. మిగిలింది ఏమైనా చేసుకోండి," అన్నాడు. నా కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రస్తుతానికి కట్లు వద్దు, రాత్రి పట్టీలు, రెండు పూటలా సాగదీయడం అని అనుకున్నాం. ఇది మంచి నిర్ణయమో కాదో నాకు తెలియదు. మా తాతకూ ఆ రోజు తెలుసుననే అనిపించింది.

సాయంత్రం పూట సాగదీసేది నేను. వాడు సోఫాలో వెనక్కి వాలి, కాలు నా ఒళ్ళో పెడతాడు. మడమ అరచేతిలో పట్టుకుని, మోకాలు చాచి, పాదాన్ని వంచుతాను. చాలునా అని అడుగుతాను. వాడు చాలంటే ఆపుతాను. నాకు మిగిలిన చదువు ఇంతే. పిల్లవాడి ఒంటి గురించి పిల్లవాడిని అడగడం, వాడు చెప్పింది నమ్మడం. దీనితో ఎవరినీ బతికించలేం.

ఈ మధ్య వాడు చాలు అనే చోటు ముందే వచ్చేస్తోంది. నిన్న ఆపాక, వాడు పాదం వైపు కాసేపు చూసి, "పోయిన నెల కంటే తక్కువ వంగతాందా అవ్వా?" అని అడిగాడు.

లేదని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. "అవును నాయనా, తక్కువే," అన్నాను.

వాడు ఆ కాలు తీసి, రెండో కాలు నా ఒళ్ళో పెట్టాడు.